తగరం అరుపు

పోయిన నెల మా మనవరాలికి టిఫిన్ డబ్బా కొనడానికి పెద్ద షాపుకెళ్ళాను. రేటు చీటీ అతికించిన చోట బేరం ఆడకూడదని తెలుసు. తెలిసీ ఆడతాను. ఇత్తడి సామాన్ల కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, నోరు ఊరుకోదు. "రెండు తీసుకుంటే ఎంతకిస్తావమ్మా?" అన్నాను. కౌంటర్లో పిల్ల నవ్వి, రేటు ఊసెత్తకుండా డబ్బా తిరగేసి అడుగు చూపించింది. అక్కడ గోరంత బొమ్మ. ఒక గ్లాసు, దాని పక్కన ముళ్ళ చెంచా.

"ఈ గుర్తుంటే తిండి పెట్టుకోవచ్చని అంకుల్. టెస్టు చేసి వేస్తారు."

"ఎవరు చేశారమ్మా టెస్టు?"

"కంపెనీ వాళ్ళే అంకుల్."

"చేసేవాణ్ణి నువ్వు చూశావా?"

ఆ పిల్ల నా వెనక నిలబడ్డవాళ్ళ వైపు చూసింది, ఈ ముసలాయన్ని ఎవరైనా పక్కకు తీసుకుపోతారా అన్నట్టు. నేను డబ్బా కొనుక్కుని బయటపడ్డాను. అట్లా టెస్టు చేసే మనిషిని ఒకణ్ణి నేను చూశాను. చూడటమేమిటి, కొన్నాళ్ళు ఆయన టెస్టు నా చేతుల మీదుగానే జరిగింది. ఆ సంగతి రాయాలని చాలాసార్లు కూర్చుని, లేచిపోయాను.

ఎనభైలలో నరసరావుపేటలో మా కొట్టు వెనక రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అందులో బొగ్గుల కొలిమి ముందు గొంతుక్కూర్చుని ఉండేవాడాయన. ఊళ్ళో అందరికీ కళాయి సాయిబు. మా నాన్న 'బావా' అని పిలిచేవాడు. మా అమ్మ ఆయనకు చెల్లెమ్మ. ఆ వరసన నాకు మామ, ఆయనకు నేను అల్లుణ్ణి. పేరు రాయను. తన పేరు కాగితం మీద చూసుకోవాలన్న సరదా ఆయనకెప్పుడూ లేదు.

ఇప్పటి పిల్లలకు కళాయి అంటే ఏమిటో చెప్పాలి. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచినా, మజ్జిగ పోసినా కిలుం దిగుతుంది. అది కడుపులోకి పోతే వాంతులు. అందుకని గిన్నె లోపల తగరంతో పూత పూస్తారు. అదే కళాయి. అరిగిపోతే మళ్ళీ వేయించాలి. మేం ఇత్తడి సామాన్లు అమ్మడంతో పాటు పెళ్ళిళ్ళకూ హాస్టళ్ళకూ పెద్ద గుండిగలు అద్దెకిచ్చేవాళ్ళం. కాబట్టి మామకు మా షెడ్డులో ఏడాది పొడుగునా పని.

ముందు గుండిగలో ఇసకా, చింతపండు పిప్పీ వేసి తనే అందులోకి దిగేవాడు. గోడకు కొట్టిన కర్ర పట్టుకుని, నడుము అటూ ఇటూ తిప్పుతూ పాదాలతో తోమేవాడు. వెనక వీధిలో పోయేవాళ్ళకు పిట్టగోడ మీదుగా తలా భుజాలూ మాత్రమే కనపడేవి. సాయిబు ఒక్కడే లోపల డాన్సు కడుతున్నాడని నవ్వేవాళ్ళు. "నవ్వండయ్యా, నవ్వండి. రేపు మీ పెళ్ళి సాంబారు కోసమే ఈ తిప్పలు" అనేవాడు. తర్వాత గుండిగను కొలిమి మీద బాగా కాచి, నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పుమని లేచేది. ఆ పొగలోనే తగరం కడ్డీతో ఒక్క రుద్దు రుద్ది, దూదితో లోపలంతా తిప్పేవాడు. పసుప్పచ్చటి గిన్నె చూస్తుండగానే వెండి గిన్నె అయ్యేది.

ఇంతవరకూ కళాయి వేసేవాడు ఎవరైనా చేస్తాడు. మామ కొలిమి వెలిగించే ముందు ఇంకొకటి చేసేవాడు. కొత్త కడ్డీ చేతికి రాగానే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచేవాడు. నిఖార్సయిన తగరాన్ని వంచితే అరుస్తుంది. ఎండుటాకును పిడికిట్లో నలిపినట్టు కిరకిరమంటుంది. సీసం కలిసిందా, గొంతు పడిపోతుంది. ఎక్కువ కలిస్తే అసలు నోరెత్తదు. తగరం ఖరీదు, సీసం చవక. కలిపేవాళ్ళకు కొదవ లేదు. సీసం అప్పటికప్పుడు మనిషినేమీ చెయ్యదు. పులుసులోకి కొంచెం కొంచెంగా దిగి నెలల మీద పని చేస్తుంది. కడుపు మెలిపెడుతుంది, ఒంట్లో రక్తం తగ్గిస్తుంది, పిల్లల బుర్రలు మొద్దుబారుస్తుంది.

"అన్నంతో పాటు నా తగరం కూడా రవ్వంత తింటారు అల్లుడూ. తినేది తగరమే అయ్యుండాల" అనేవాడు మామ.

నాన్న బతికున్నన్నాళ్ళూ ప్రతి కడ్డీకి రెండు చెవులు. మామ వంచేవాడు, నాన్న పక్కన గొంతుక్కూర్చుని తల వంచి వినేవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తల ఊపితేనే కడ్డీ కొలిమి దగ్గరకు పోయేది. అరవని కడ్డీని నాన్న విసిరి పారేసేవాడని రాస్తే బాగుంటుంది గానీ, మేం వ్యాపారస్తులం. అమ్మినవాడి దగ్గరకే పట్టుకెళ్ళి, వాణ్ణి నాలుగు తిట్టి, మంచిది మార్చుకొచ్చేవాడు.

పెళ్ళిళ్ళలో మామ బంతిలో కూర్చునే ముందు వంటలు చేసే చోటికి వెళ్ళి వచ్చేవాడు. వంటవాళ్ళు గరిటెలతో అదిలించినా ఊరుకోకుండా ప్రతి గుండిగలోకీ తొంగిచూసేవాడు. పనితనం కనపడితే వచ్చి విస్తరి ముందు కూర్చునేవాడు. ఎక్కడైనా ఇత్తడి బయటపడి కనిపిస్తే "కడుపులో బాగలేదయ్యా" అని పెళ్ళివారికి దండం పెట్టి, ఒక అరటిపండు తీసుకుని వెళ్ళిపోయేవాడు. పెళ్ళింట్లో ఆ మాట పైకి అనేవాడు కాదు. మర్నాడు పొద్దున్నే ఆ వంటవాడి ఇంటి ముందు నిలబడి అనేవాడు.

ఒకసారి మా కొట్టు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్‌కు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కుర్రవాడే. కొత్తగా వచ్చిన ఉద్యోగం, చంకలో రూల్సు పుస్తకం. తుప్పు పట్టిన డబ్బా అయినా, కళాయి సరిగా లేని ఇత్తడి పాత్ర అయినా కేసు రాస్తానని హోటల్ వాళ్ళను హడలగొట్టాడు. హోటలాయన పరుగున వచ్చి మామను పట్టుకెళ్ళాడు. తమాషా చూద్దామని నాన్నా నేనూ వెనకే వెళ్ళాం. ఇన్‌స్పెక్టర్ సాంబారు గుండిగలోకి తల దూర్చి చూసి, "బాగుంది. తళతళలాడుతోంది" అన్నాడు.

"తళతళలాడితే చాలా సార్?" అన్నాడు మామ.

"ఇంకేం కావాలయ్యా?"

"సీసం కలిపితే మొదటిరోజు ఇంకా తళతళలాడుద్ది సార్. మీరు కేసు రాయరు. తిన్నోళ్ళకి మాత్రం కడుపులు పోతయ్."

ఇన్‌స్పెక్టర్‌కు కోపం రాలేదు. అది ఆయన గొప్పతనం. "మరెట్లా కనిపెట్టాలి?" అని అడిగాడు. మామ సంచిలోంచి కడ్డీ తీసి, ఆయన చెవి పక్కన పెట్టి వంచాడు. కిర్రుమంది. ఆయన ఉలిక్కిపడి, చెవి రుద్దుకుని నవ్వాడు. పుస్తకం వేలితో కొడుతూ, "సాయిబూ, పూత సరిగ్గా ఉండాలని రాసుంది గానీ దీంట్లో చెవి ఊసు లేదు. కూర పట్టుకెళ్ళి లాబుకు పంపగలను. నీ కడ్డీని నేనేం చేసుకోను?" అన్నాడు.

"రాయించండి సార్ మీ పెద్దోళ్ళకి చెప్పి. చెవులు అందరికీ ఉన్నయ్‌గా."

హోటలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నాన్న నవ్వాడు.

ఆ తర్వాత ఏడాదికి నాన్న పోయాడు. కొట్టు నా చేతికొచ్చింది. నాకప్పటికి పాతికేళ్ళు నిండలేదు. బేరంలో నన్ను మించినవాడు గుంటూరు జిల్లాలో లేడని నా నమ్మకం. నా నమ్మకానికి అడ్డు ఒక్క మామే. కూలి ఎంతని అడిగితే ఒక మాట చెప్పి, తల కొలిమి వైపు తిప్పుకునేవాడు. నేను తగ్గించి అడిగేవాణ్ణి. జవాబుండదు. మళ్ళీ అడిగేవాణ్ణి. తిత్తి ఊదుకుంటూ ఉండేవాడు. విసుగెత్తి ఆయన చెప్పినదానికే ఒప్పుకునేవాణ్ణి. ఎంత గట్టిపిండం అనుకున్నాను. ఆ పద్ధతి నేర్చుకుని నా గిరాకీల మీద కూడా ప్రయోగించాను. రేటు చెప్పడం, మొహం తిప్పుకుని సామాను సర్దుకోవడం. భలే పనిచేసింది. ఆయనకు నా మాట వినపడటం లేదని నాకు తట్టడానికి మూడు నాలుగు నెలలు పట్టింది.

ముప్ఫై ఏళ్ళపాటు నొక్కుపడ్డ గుండిగల్ని సుత్తితో సరిచేసిన మనిషి. గుండిగలో తల పెట్టి మరీ కొట్టేవాడు. చెవులు పోకేం చేస్తాయి?

ఆయన మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాతోనూ వేరే మాట చెప్పాడు. ఒకరోజు కొత్త కడ్డీ తీసి, తన చెవి దగ్గరకు పోనివ్వకుండా నా చెవి దగ్గర పెట్టాడు.

"జలుబు చేసిందల్లుడూ, చెవులు దిబ్బెళ్ళు పడ్డయ్. నువ్విను. మీ నాన్న వినేవోడుగా."

విన్నాను. కిరకిరలాడింది. తల ఊపాను. ఆయన నా మొహంలోకి చూసి తృప్తిగా కొలిమి దగ్గరకు జరిగాడు. ఆ జలుబు తగ్గలేదు. అప్పటినుంచీ ప్రతి కడ్డీకీ నేనే. ఆయన వంచేవాడు, "అరుస్తందా?" అనేవాడు, నా కళ్ళలోకి చూసేవాడు. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండేది. నాన్న కూర్చున్న చోట కూర్చున్నట్టుండేది.

ఆ ఏడు వేసవి ముహూర్తాల ముందు తగరం రేటు మండిపోతోంది. గుంటూరులో పాత లోహాలమ్మే ఒక వ్యాపారి దగ్గర చవగ్గా దొరుకుతుందని విని వెళ్ళాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నమైంది. మూడుసార్లు లేచి గుమ్మం దాకా పోయాను. మూడోసారి అతను వెనక్కి పిలిచి, నేను అడిగినదానికే ఇచ్చేశాడు. అమ్మేవాడు ఒక్కసారిగా దిగివచ్చాడంటే సరుకు చూసుకోవాలి. ఇది మా ఇళ్ళలో పదేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. నేను మాత్రం నా నోటి గొప్పతనం అనుకున్నాను. బస్సులో కడ్డీల మూట ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చి, కనపడినవాళ్ళందరికీ ఆ బేరం కథ వారం రోజులు చెప్పాను. మామకు రెండుసార్లు చెప్పాను. ఆయన చేతులాడించి మెచ్చుకున్నాడు.

పని మొదలుపెట్టిన రోజు ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఎల్లుండికి పెళ్ళి గుండిగలు కావాలి. మామ కడ్డీ నా చెవి దగ్గర పెట్టి వంచాడు.

ఏమీ లేదు. వీధిలో రిక్షా బెల్లు వినపడింది. మా అమ్మ ఎవరితోనో మాట్లాడటం వినపడింది. కడ్డీ మైనంలా వంగింది.

"అరుస్తందా?"

నాకు గుంటూరు గుమ్మం కనిపించింది. వారం రోజులు కథ విన్నవాళ్ళ మొహాలు కనిపించాయి. నేను మోసపోయాను అన్న మాట నోటి దాకా రాలేదు. ఆ నోటికి ఆ మాట అలవాటు లేదు. సీసం కూడా ఒక లోహమేగా, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

"భేషుగ్గా అరుస్తోంది మామా" అన్నాను.

ఆయన నవ్వి, కడ్డీ నిమిరి, కొలిమి వైపు తిరిగాడు.

ఆ కడ్డీలతో పన్నెండు గుండిగలకు కళాయి పడింది. కొన్ని పెళ్ళిళ్ళకు వెళ్ళి తిరిగొచ్చాయి. రెండు మాత్రం దాచేపల్లిలో ఒక మెస్సుకు నెలసరి అద్దెకు పోయాయి. సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, లారీలవాళ్ళు తినే మెస్సు అది. రోజూ సాంబారు, రోజూ పులుసు.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున నేను కొట్టు తెరిచేసరికే మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో సగం అరిగిన కడ్డీ ఉంది. ముందురోజు సొంత గిన్నెకు కళాయి వేద్దామని ఇంటికి తీసుకెళ్ళాడట.

"రా అల్లుడూ" అన్నాడు. "మీ అత్త చెవులు బానే ఉన్నయ్."

అంతే అన్నాడు. అత్త వంచి విన్నదని అర్థమైంది. అయినా నోరు ఊరుకోదని చెప్పానుగా. "అదేదో పాత కడ్డీ కలిసుంటది మామా, మొన్నటివి కాదేమో" అని గట్టిగా అరిచి చెప్పాను. ఆయన నా పెదాల కదలిక చివరిదాకా చూశాడు. కడ్డీ నా గల్లా బల్ల మీద పెట్టాడు. అరిచిందని ఎందుకు చెప్పావని అడుగుతాడనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో నాలుగు రకాలుగా సిద్ధం చేసుకున్నాను.

"ఎన్ని గుండిగలు బయటున్నయ్?" అని మాత్రం అడిగాడు.

మాచర్లలో ఆయన తోడల్లుడు కూడా కళాయి పనే చేసేవాడు. అతని దగ్గర మంచి కడ్డీలు తెచ్చుకుని, కొట్లో ఉన్న పది గుండిగల్నీ కాచి, పాత పూతంతా కరిగించి గుడ్డతో తుడిచేసి మళ్ళీ వేశాడు. దానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు కొలిమి సామానంతా గోనెసంచిలో వేసుకుని దాచేపల్లి బస్సెక్కాడు. నేనూ ఎక్కాను. కండక్టరు మాట ఆయనకు వినపడదు, తోడు కావాలని నాకు నేను చెప్పుకున్నాను. దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. పిడుగురాళ్ళ దాటాక గాలికి సున్నం దుమ్ము వచ్చి మొహానికి పట్టింది. తుడుచుకోలేదు.

మెస్సు నడిపేది ఒక నడివయసు ఆడమనిషి. ఆమె నోటి ముందు ఎవరూ నిలబడలేరని పేరు. మామ వచ్చిన పని చెప్పగానే మొదలుపెట్టింది.

"ఏందీ? నువ్వేసిన కళాయి చెడ్డదని చెప్పడానికి నువ్వే బస్సెక్కి వచ్చావా? మతుండే వచ్చావా సాయిబూ?"

ఆమె అన్నది నేను మామ చెవిలో అరిచాను. ఆయన తల ఊపాడు.

"సీసం కలిసింది తల్లీ. ఈ గుండిగల్లో ఇయ్యాల వండబాకు. నేను మళ్ళీ వేసిస్తా."

తింటున్నవాళ్ళలో ఒకతను చెయ్యి ఆపి, "అక్కా, అందుకేనేమో మనోళ్ళు నెలరోజుల్నుంచి కడుపునొప్పి కడుపునొప్పని మూలుగుతుంది. నువ్వు కారం ఎక్కువేస్తన్నావని మేం నిన్ను తిడతన్నాం" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వబోయి ఆగిపోయారు. ఆ నొప్పులు దేనివల్లో ఎవరూ తేల్చలేదు. సున్నం దుమ్ము కావచ్చు, కారం కావచ్చు. నేనిప్పటికీ కారమే అయ్యుండాలని కోరుకుంటాను.

ఆమె మామను వదిలి నావైపు తిరిగింది. "ఆ తగరం తెచ్చిందెవరయ్యా? ఏ లంగా ఎదవ అమ్మాడు మీకు?"

ఈ మాట నేను మామ చెవిలో చెప్పాలి. చెప్పలేదు. ఆమె మొహం, నా మొహం చూసి ఆయనకు ఏమర్థమైందో తెలీదు. గుండిగ అంచు పట్టుకుని నిలబడి, అక్కడున్న పదిహేనుమంది వినేట్టు అన్నాడు.

"తప్పు నాది తల్లీ. నాకు చెవులు పోయినయ్. వినపడనోణ్ణి, ఈ పని చెయ్యకూడదు. చేశా."

భార్యకు తప్ప మరెవరికీ చెప్పని సంగతి అది. ఆ ముక్క దాచుకోవడానికి ఆయన ఎన్ని జలుబులు చెప్పాడో నాకు తెలుసు. మెస్సు మనిషి రెండు గుండిగలూ ఖాళీ చేయించింది. కాసేపటికి, "ఆ పెరట్లో పెట్టుకో కొలిమి. చెంబుతో నీళ్ళు పంపిస్తా" అంది.

పెరట్లో రెండు గుండిగలూ శుభ్రం చేసి, కొత్త కడ్డీ తీశాడు. నేను అలవాటు కొద్దీ పక్కన కూర్చుని తల వంచాను. మామ కడ్డీ పట్టుకుని లేచి, నన్ను దాటి వెళ్ళి, నీళ్ళ చెంబుతో వస్తున్న ఆమె చేతికిచ్చాడు.

"చెవి కాడ పెట్టుకుని వంచు తల్లీ. నువ్వే విను."

ఆమె వంచింది. ఉలిక్కిపడింది. "అబ్బో, ఏందిది, కిర్రుమంటది!" అంది. మామ మొహం అన్ని రోజుల తర్వాత అప్పుడు కొంచెం తేటపడింది. నేను ఇంకా తల వంచుకునే ఉన్నాను.

తిరిగి వచ్చేటప్పటికే మాట నరసరావుపేట చేరింది. లారీలవాళ్ళు మోసుకొచ్చి ఉంటారు. 'సాయిబు కళాయిలో విషం ఉందట, తనే ఒప్పుకున్నాడట.' ఎందుకు ఒప్పుకున్నాడో, ఎంత దూరం పోయి ఒప్పుకున్నాడో ఎవరికీ అక్కర్లేకపోయింది. తన సరుకు చెడ్డదని తనే చెప్పుకున్నవాణ్ణి మా బజార్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. కాబట్టి చెప్పినదానికంటే పదింతలు దాచాడని అనుకున్నారు. కాఫీ హోటలాయన సాంబారు గుండిగ తీసేసి స్టీలుది కొన్నాడు. అప్పటికి మేం స్టీలు కూడా అమ్ముతున్నాం, మా కొట్లోనే కొన్నాడు. ఆ ఏడాది ఇళ్ళవాళ్ళు కూడా ఇత్తడి పాత్రలు తెచ్చి మాకే ఇచ్చి, మార్పిడికి స్టీలు తీసుకున్నారు. స్టీలు ఎప్పటికైనా వచ్చేదే, నిజమే. మాకు మాత్రం ఆయన పరువు మీద నడిచి వచ్చింది. నాకు ఆ ఏడాది ఎన్నడూ లేనంత వ్యాపారం. అమ్మకాలు ఎందుకు పెరిగాయని ఎవరన్నా అడిగితే, బేరం తెలిసినవాడికి ఎప్పుడూ గిరాకీయే అని నవ్వేవాణ్ణి.

మామ షెడ్డుకు రావడం మానేశాడు. కొలిమి ఎత్తి తీసుకుపోలేదు. రమ్మని నేను పిలవలేదు. ఒకసారి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అటుగా వచ్చి, "ఆ చెవి సాయిబు ఏడయ్యా?" అని అడిగాడు. మానేశాడని చెప్పాను. ఆయన చాలాసేపు షెడ్డు వైపు చూసి, "మంచి పరీక్ష అయ్యా అది. నేను మా ఆఫీసులో చెప్తే నవ్వారు" అన్నాడు. ఆయన చేతిలో పుస్తకం ఉంది. అక్కడే చెప్పేసి ఉండాల్సింది. సార్, పరీక్ష మంచిదే, విని చెప్పినవాడు అబద్ధం చెప్పాడు, వాడు నేనే, అని. కూల్‌డ్రింకు తాగుతారా అని అడిగాను.

మామ పోయే నెల ముందు, ఒంట్లో బాగలేదని విని చూడ్డానికి వెళ్ళాను. రెండేళ్ళలో అదే మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళడం. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కొలిమి లేని మనిషి చిన్నగా అయిపోయాడు. నన్ను చూసి, మంచం మీద చేత్తో తట్టి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మా అమ్మ ఎట్లా ఉందని అడిగాడు. నేను చేతులతో సైగలు చేసి చెప్పాను. అత్త టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చి, గుమ్మంలో కూర్చుంది.

ఆ రోజు చెప్పేద్దామనే వెళ్ళాను. దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను. తల వంచుకుని, గ్లాసులోకి చూస్తూ, "మామా, ఆ రోజు కడ్డీ అరవలేదు. నాకు తెలుసు. తెలిసే చెప్పాను" అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. ఆయన టీ ఊదుకుంటున్నాడు.

గుమ్మంలోంచి అత్త అంది. "అట్టా గొణిగితే ఆయనకెట్టా వినపడుద్దయ్యా? ఇటు రా, ఈ పక్క చెవి ఇంకా రవ్వంత పన్జేస్తది. చెవి కాడ నోరు పెట్టి గట్టిగా చెప్పు."

లేచి ఆ పక్కకు వెళ్ళాను. నేనేదో చెప్పబోతున్నానని మామకు తెలిసింది. గ్లాసు కింద పెట్టాడు. అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల నా వైపు వంచాడు. అంత శ్రద్ధగా నా మాట కోసం ఇంకెవరూ, ఎన్నడూ ఎదురుచూడలేదు. ఆయన జబ్బమీద చెయ్యి వేశాను. చెవి దగ్గర నోరు పెట్టాను. అత్త చూస్తూ ఉంది.

"టీ బాగుంది మామా!" అని అరిచాను.

ఆయన కళ్ళు తెరిచి, మొహమంతా నవ్వాడు. "ఏమే, అల్లుడికి బాగుందంట. ఇంకో గ్లాసు పొయ్యి" అన్నాడు.

అత్త నావైపు కాసేపు చూసింది. లేచి వెళ్ళి, గిన్నె తెచ్చి, నా గ్లాసు నిండా పోసింది.

అదీ తాగాను.